మూలుగ మార్పిడి అయి ఏళ్లు గడిచాయి, ఇంకా చెకప్‌లు ఎందుకు?

పోయిన నెల రక్త క్యాన్సర్ మీద ఒక ప్రశ్నకి జవాబు రాస్తూ బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ గురించి, అంటే ఎముకల్లో రక్తం తయారుచేసే మూలుగని దాత మూలుగతో మార్చడం గురించి, ఒక్క వాక్యం అని వదిలేశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అమలాపురం, పాలకొల్లు, ఆత్రేయపురం, రామచంద్రపురం, నరసాపురం వైపు నుంచి వచ్చాయి, అందరూ దాదాపు ఒకటే రాశారు: మార్పిడి వెల్లూరులోనో హైదరాబాద్‌లోనో అయింది, ఇంటికి వచ్చేశాం, తర్వాత ఏమిటో చెప్పేవాళ్లు ఇక్కడ లేరు. నేను మార్పిడి చేసే డాక్టర్ని కాను. అక్కడ చేయించుకుని ఇక్కడికి వచ్చి బతుకుతున్నవాళ్లకి జ్వరం వచ్చినా దగ్గు వచ్చినా ముందు చూసే మామూలు ఫిజీషియన్ని. ఈసారి పేజీ మొత్తం వాళ్లకే.

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారమండి. మా తమ్ముడికి 28 ఏళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ వస్తే నా మూలుగే సరిపోయిందని తీసి ఎక్కించారు. ఆరేళ్లయింది. మాత్రలన్నీ ఆపేశారు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. రెండేళ్లుగా చెకప్‌కి వెళ్లడం మానేశాడు. "జబ్బు పోయింది కదా అన్నయ్యా, ఆ వాసన చూస్తేనే కడుపులో తిప్పుతుంది" అంటాడు. సంబంధాలు చూస్తున్నాం. వాడు అందరిలాగా పూర్తి ఆయుష్షు బతుకుతాడా అండి? అవతలివాళ్లకి చెప్పాలా?
(అమలాపురం దగ్గర నుంచి ఒక అన్నయ్య)

జవాబు: పెద్ద గండం దాటాడండి, ముందు ఆ మాట గట్టిగా పట్టుకోండి. జబ్బు తిరగబెట్టేది ఉంటే చాలామందికి మొదటి రెండేళ్లలోనే తిరగబెడుతుంది, ఆరేళ్లు దాటాక ఆ భయం చాలా తగ్గిపోతుంది. మార్పిడి అయి రెండేళ్లపాటు జబ్బు లేకుండా ఉన్న 10,632 మందిని వెంట ఉండి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2011లో వచ్చింది. వాళ్లలో మార్పిడి నాటి నుంచి 10 ఏళ్లు నిండేసరికి నూటికి 85 మంది బతికే ఉన్నారు. రక్త క్యాన్సర్ అనగానే ఊళ్లో జనం ముఖాలు ఎలా పెడతారో మీకు తెలుసు, వాళ్లకి ఈ లెక్క చెప్పండి.

రెండో సగం కూడా చెప్పాలి, లేకపోతే నేను మీకు న్యాయం చేసినవాణ్ణి కాను. అమెరికాలోని సియాటెల్‌లో ఈ వైద్యం మొదట్నుంచీ జరుగుతోంది, దీనికి దారి వేసినందుకే అక్కడి డాక్టర్ డొనాల్ థామస్‌కి 1990లో నోబెల్ ఇచ్చారు. మార్పిడి తర్వాత 5 ఏళ్లు జబ్బు లేకుండా గడిపినవాళ్లని అక్కడ పదుల ఏళ్లు చూశారు. 20 ఏళ్లు నిండేసరికి నూటికి 80 మంది ఉన్నారు, కానీ అదే వయసు మామూలు మనుషులతో పోలిస్తే చనిపోయే ప్రమాదం నాలుగు నుంచి తొమ్మిది రెట్లు ఎక్కువ, అదీ 30 ఏళ్ల దాకా తగ్గలేదు. ముప్పై నలభైల్లో ఉన్నవాళ్లకి మామూలుగా ఉండే ప్రమాదమే చాలా చిన్నది కాబట్టి నాలుగు రెట్లు అన్నంత మాత్రాన గుండె జారిపోనక్కర్లేదు. అయినా సున్నా మాత్రం కాదు. మీ తమ్ముడు అనుకుంటున్నది సున్నా అని.

ఆ ప్రమాదం పాత జబ్బు నుంచి ఒక్కదాన్నుంచే రాదు. పాత మూలుగని చంపడానికి ఇచ్చిన పెద్ద డోసు కీమో, కొందరికి ఒళ్లంతా ఇచ్చిన రేడియేషన్, తర్వాత నెలల తరబడి వాడిన స్టెరాయిడ్లు, ఇవన్నీ శరీరంలో ఒక బాకీ పెట్టిపోతాయి. అది వడ్డీతో సహా ఐదేళ్లకో, పదేళ్లకో, పదిహేనేళ్లకో అడుగుతుంది. థైరాయిడ్ నెమ్మదిస్తుంది. కంట్లో ముప్పై ఏళ్లకే శుక్లాలు వస్తాయి. తుంటి ఎముకకి రక్తం అందక నడుస్తుంటే గజ్జల్లో నొప్పి మొదలవుతుంది, దాన్ని వాతం అని తైలం రాస్తూ కూర్చుంటారు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ వయసుకి ముందే వచ్చేస్తాయి. కొత్త క్యాన్సర్ సంగతి కూడా దాచను: 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో 10 ఏళ్లకి నూటికి ఇద్దరికి, 15 ఏళ్లకి నూటికి దాదాపు ఏడుగురికి వేరే చోట, అంటే నోట్లో, చర్మం మీద, థైరాయిడ్‌లో, ఇలా కొత్త గడ్డలు వచ్చాయి. వీటిలో చాలావాటిని ముందుగా చూస్తే మామూలు వైద్యంతో పోతాయి, అందుకే ఏడాదికి ఒక్కసారైనా వెళ్లమని నా గోల.

ఏడాదికోసారి అంటే పెద్ద ఖర్చేం కాదు. రక్త పరీక్ష, లివర్, కిడ్నీ, షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్, బీపీ, కళ్ల పరీక్ష, పళ్ల డాక్టరు దగ్గర ఆరునెలలకోసారి నోరంతా చూపించుకోవడం, ఒళ్లంతా చర్మం ఒకసారి చూడమని అడగడం. ఎముకల సాంద్రతకి డెక్సా స్కాన్ డాక్టరు చెప్పినప్పుడు. దాదాపు అన్నీ కాకినాడలోనో రాజమండ్రిలోనో అయిపోతాయి, ఆ రిపోర్టులు మార్పిడి చేసిన డాక్టరుకి పంపి సలహా అడగొచ్చు. ఆ ఆసుపత్రి వాసన పడట్లేదంటున్నాడు కదా, అది సాకు కాదండి. వారాల తరబడి ఒక గదిలో ఒంటరిగా పడుకున్నవాళ్లకి అలాగే ఉంటుంది. తిట్టకండి, మీరు తోడు వెళ్లండి.

పెళ్లి విషయంలో నా అభిప్రాయం సూటిగా: చెప్పండి. దాచి చేసిన పెళ్లిలో ఆ అమ్మాయికి తెలిసే రోజు ఎలాగూ వస్తుంది, ఆ రోజు మీ తమ్ముడు రెండోసారి జబ్బుపడతాడు. ఇంకోటి, పెద్ద డోసు కీమో లేదా రేడియేషన్ తీసుకున్న మగవాళ్లలో చాలామందికి వీర్యకణాలు ఉండవు. సంబంధం ఖాయం కాకముందే ఆ పరీక్ష చేయించండి. చికిత్సకి ముందు వీర్యం దాచి ఉంచారేమో ఆసుపత్రిలో అడగండి, మీకు చెప్పడం మరిచిపోయి ఉండొచ్చు.

ప్రశ్న: మేడమ్/సార్, మా పాపకి థలసీమియా. పుట్టిన ఏడాదిలోపే మొదలైంది, ఏడేళ్లు వచ్చేదాకా నెలనెలా రక్తం ఎక్కించాం. మూడేళ్ల క్రితం మార్పిడి చేయించాం, వాళ్ల అన్నయ్యది కలిసింది. ఇప్పుడు రక్తం ఎక్కించడం లేదు, హిమోగ్లోబిన్ 12 ఉంది. అయినా పోయినసారి "రక్తం తీయాలి" అన్నారు. మా అత్తగారు ఏడుస్తున్నారు, అంత కష్టపడి ఎక్కించిన రక్తం మళ్లీ తీసేయడమేంటని. టీకాలన్నీ మొదట్నుంచి వేయించమంటున్నారు, అవి చిన్నప్పుడే అయిపోయాయి కదండి?
(పాలకొల్లు నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ అత్తగారికి ఇలా చెప్పండి. ఎక్కించిన ప్రతి రక్తం ప్యాకెట్‌తో పాటు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి వెళ్తుంది. మన శరీరానికి దాన్ని బయటికి పంపే దారి లేదు, రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములు తప్ప. ఆరేడేళ్లు నెలనెలా ఎక్కించిన ఇనుమంతా ఇంకా పాప లివర్‌లో, గుండెలో, షుగర్‌ని అదుపు చేసే క్లోమంలో కూర్చుని ఉంది. మూలుగ మారింది కానీ ఆ ఇనుము మారలేదు. ఇప్పుడు పాప సొంతంగా రక్తం తయారు చేసుకుంటోంది కాబట్టి, రెండు వారాలకోసారి బరువుని బట్టి కొద్దిగా రక్తం తీస్తే కొత్త రక్తం తయారుకావడానికి శరీరం ఆ నిలవ ఇనుమునే వాడుకుంటుంది. ఇన్నాళ్లూ రక్తం కోసం బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరిగిన పిల్ల దగ్గర ఇప్పుడు తీయగలుగుతున్నారంటే అది సంతోషించాల్సిన మాట. తీయించడం కుదరకపోతే ఇనుము తగ్గించే మాత్రలున్నాయి. ఏది చేసినా ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిలవ చెప్పే రక్త పరీక్ష, చూపించుకుంటూ ఉండండి, ఎత్తు పెరుగుతోందో లేదో తలుపు మీద గీత గీసి ఆరునెలలకోసారి కొలవండి. ఈ పిల్లల్లో ఎదుగుదల, రజస్వల కావడం ఆలస్యం కావచ్చు, పన్నెండు దాటాక ఆ సంకేతాలేవీ కనపడకపోతే హార్మోన్ల డాక్టరు చూడాలి.

టీకాల సంగతి నిజమే, మళ్లీ వేయించాలి. చిన్నప్పుడు వేసిన టీకాల జ్ఞాపకం పాత మూలుగతోనే పోయింది. మార్పిడి అయిన ఆరు నెలల నుంచి ఏడాది లోపు చంపిన క్రిములతో చేసే టీకాలు మొదలుపెడతారు, తట్టు, గవదబిళ్లల టీకా, ఆటలమ్మ టీకా లాంటి బతికున్న క్రిముల టీకాలు రెండేళ్లు దాటి, రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఆగి, జీవీహెచ్‌డీ (దాత కణాలు ఎక్కించుకున్నవాళ్ల ఒంటి మీదే తిరగబడే జబ్బు) లేదని తేలాకే. ఆ క్రమం మార్పిడి చేసినవాళ్లు రాసిచ్చిన కాగితం ప్రకారమే వెళ్లాలి. ఒక చిన్న సంగతి, కానీ మన ఇళ్లలో చాలామందికి తెలియదు: మార్పిడి అయి ఇంకా ఆ మందుల మీద ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే, అదే ఇంట్లో పసిపిల్లలకి పల్స్ పోలియో చుక్కలు వేయించే ముందు డాక్టర్ని అడగండి. చుక్కల్లో ఉండేది బతికున్న క్రిమి, పిల్లల మలంలో కొన్ని వారాలు బయటికి వస్తుంది. ఆ ఇంటి పిల్లలకి పోలియో ఇంజెక్షన్ రూపంలో వేస్తారు.

స్కూల్ ఐడీ కార్డు మీద బ్లడ్ గ్రూపు చూసుకున్నారా? అన్నయ్య గ్రూపు వేరైతే పాపది ఇప్పుడు అన్నయ్య గ్రూపే. కార్డు మార్పించండి.

ప్రశ్న: అయ్యా, నాకు 52. వరి, కొబ్బరి, ఒక చిన్న రొయ్యల చెరువు. మార్పిడి అయి రెండేళ్లు దాటింది, మాత్రలు తగ్గిస్తున్నారు. నాలుగు నెలలుగా ఆవకాయ నోట్లో పెడితే నిప్పు పెట్టినట్టుంది, పెరుగన్నం తప్ప దిగదు. ఏటిగట్టు ఎక్కితే ఆయాసం. ఊళ్లో ఆస్తమా అని పీల్చే మందిచ్చారు. శక్తి పెరుగుతుందని తిప్పతీగ కషాయం తాగమంటున్నారు. ఊడ్పులకి చేలోకి దిగొచ్చా అండి? చుట్ట ఎప్పుడో ఒకటి.
(ఆత్రేయపురం వైపు నుంచి ఒక రైతు)

జవాబు: ఊడ్పుల సంగతి తర్వాత. మీరు ఈ వారంలోనే వెళ్లి పీఎఫ్‌టీ చేయించుకోవాలి, గొట్టంలోకి గట్టిగా ఊది ఊపిరి కొలిచే పరీక్ష. దానికోసం పొలం పనులు అయ్యేదాకా ఆగకండి.

ఎందుకంటే, దాత మూలుగలో దాత కాపలాదారులు కూడా వస్తారు. వాళ్లకి మీ శరీరం పరాయి ఇల్లు. అందులోవాళ్లనే దొంగలనుకుని కొట్టడం మొదలుపెడితే దాన్ని జీవీహెచ్‌డీ అంటారు. మొదటి మూడు నెలల్లో వచ్చేది ఒకటి, తర్వాత నెమ్మదిగా పాకేది ఇంకొకటి. ఈ రెండోది చిన్న సంగతి కాదు, మార్పిడి అయినవాళ్లలో మూడింట ఒక వంతు నుంచి సగం పైగా మందికి ఏదో ఒక స్థాయిలో వస్తుంది. ఆ కాపలాదారుల్ని అణిచి ఉంచే మందులు తగ్గించే రోజుల్లోనే తరచుగా తల ఎత్తుతుంది, మీకు సరిగ్గా అప్పుడే మొదలైంది చూడండి. పోయిన ఏడాది మీలాగే ఒకాయన "ఒంట్లో వేడి చేసిందండి" అని వచ్చారు. టార్చి వేసి బుగ్గ లోపల చూస్తే తెల్లటి సన్నని గీతలు, సాలెగూడు తెచ్చి అతికించినట్టు, మధ్యలో రెండు చోట్ల చర్మం ఊడి ఎర్రగా ఉంది. ఆయన నెలల తరబడి సబ్జా గింజలు నానబెట్టుకుని తాగుతున్నారు. అది వేడి కాదు, జీవీహెచ్‌డీ. పుక్కిలించే స్టెరాయిడ్ మందుతో కొన్ని వారాల్లో పచ్చడి కాకపోయినా పప్పూ కూరా తినగలిగారు. ఘాటుగా ఉండే టూత్‌పేస్ట్ మానేసి పిల్లల పేస్ట్ వాడండి, ఆ మంట కొంత దానివల్ల కూడా అయి ఉంటుంది.

నోరు మంట పెడుతుంది కాబట్టి కనీసం తెలుస్తుంది. ఊపిరితిత్తుల్లో వచ్చేది మాత్రం చప్పుడు చేయదు. సన్నని గాలి గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోతాయి, ఎక్స్‌రే బాగానే కనిపిస్తుంది, ఆస్తమా అనుకుని పఫ్ ఇస్తారు, అలా నెలలు గడుస్తాయి. పోయిన ఊపిరి తిరిగి రావడం కష్టం, ఉన్నదాన్ని నిలబెట్టడమే వైద్యం. మీకు ఇచ్చినాయన్ని నేను తప్పుపట్టను, మార్పిడి అయిందన్న సంగతి మీరు చెప్పి ఉండరు. ఇకమీదట ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా మొదటి మాట అదే కావాలి. జ్వరం వచ్చినా అంతే, పారాసెటమాల్ వేసుకుని తెల్లారి చూద్దాం అనకండి, జీవీహెచ్‌డీ ఉన్నవాళ్లలో ప్లీహం సరిగా పనిచేయదు, న్యుమోనియా క్రిమి ఒక్క రోజులో ప్రాణం మీదికి తెస్తుంది. ఆ రోజే ఆసుపత్రికి.

తిప్పతీగ వద్దు. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే ఏ కషాయమూ వద్దు, మీ ఒంట్లో ఇప్పుడు గొడవ పెట్టేదే ఆ శక్తి. తిప్పతీగ వల్ల లివర్ దెబ్బతిన్నవాళ్ల గురించి మన దేశంలోనే డాక్టర్లు రాశారు. పెరట్లో పంపరపనస చెట్టుంటే ఆ పండు కూడా, రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ గానీ టాక్రోలిమస్ గానీ వాడుతున్నన్నాళ్లూ ముట్టొద్దు. రక్తంలో మందు మోతాదు పెంచేసి కిడ్నీల మీద పడుతుంది. స్టెరాయిడ్ మాత్ర ఒళ్లు ఉబ్బుతోందని మీ అంతట మీరు ఆపకండి, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి కుప్పకూలతారు.

చేలో పని: మందులు ఆగేదాకా గడ్డిమేటు దులపడం, కొబ్బరి పీచు దుమ్ము, మిల్లు దగ్గర ఊక, పాత పశువుల పాక శుభ్రం చేయడం వద్దు. ఆ దుమ్ములో బూజు గింజలుంటాయి, మామూలు మనిషి పీల్చినా ఏం కాదు, మీకు ఊపిరితిత్తుల్లో మొలుస్తాయి. గట్టు మీద నిలబడి పని చేయించుకోండి, పూర్తి చేతుల చొక్కా, తలపాగా వేసుకుని, మధ్యాహ్నం ఎండలో కాకుండా. ఎండకి చర్మం మీద జీవీహెచ్‌డీ రేగుతుంది, చర్మ క్యాన్సర్ భయమూ ఎండతోనే. కాలికి దెబ్బ ఉంటే బురదలోకీ చెరువులోకీ అసలు దిగకండి.

చుట్ట గురించి మీరు "ఎప్పుడో ఒకటి" అని చివర్లో రాశారు. లంక పొగాకు చుట్ట ఎలాంటిదో ఈ నేల మీద పుట్టినవాడిగా నాకూ తెలుసు. నోట్లో జీవీహెచ్‌డీ ఉన్నవాళ్లకి నోటి క్యాన్సర్ ప్రమాదం మామూలువాళ్ల కంటే చాలా ఎక్కువ, దాని మీద పొగాకు. అది ఈ రోజే ఆపేయాలండి, రేపు కాదు. ఎప్పుడో ఒకటి కూడా వద్దు.

ప్రశ్న: మా అన్నయ్యకి మూలుగ ఇచ్చాను. నాలుగేళ్లయింది. కొంచెం నడుం నొప్పి అన్నా మా అత్తగారింట్లో "పుట్టింటికి ఒంట్లో సారమంతా ఇచ్చేసింది" అంటున్నారు. నిజంగా నాకేమైనా అవుతుందా?
(రామచంద్రపురం నుంచి ఒక చెల్లెలు)

జవాబు: కాదమ్మా. మీరిచ్చిన మూలుగ కొన్ని వారాల్లోనే మీ శరీరం మళ్లీ తయారు చేసేసుకుంది. ఇచ్చిన వారం పది రోజులు నొప్పులుంటాయి, నాలుగేళ్ల తర్వాత వచ్చే నడుం నొప్పికి అది కారణం కాదు. విటమిన్ డి, హిమోగ్లోబిన్ చూపించుకోండి, ఇంటి పని ఎంత ఉందో కూడా చూడండి. ఈ పత్రిక పేజీ మీ అత్తగారికి చదివి వినిపించండి.

ప్రశ్న: నాకు 26. లుకేమియాకి మార్పిడి అయి మూడేళ్లు. అప్పటి నుంచి నెలసరి లేదు. ఒళ్లు ఒక్కసారిగా వేడెక్కి చెమటలు పడతాయి. ఇంట్లోనూ, మగ డాక్టరుతోనూ చెప్పలేక ఊరుకున్నాను. ఇంకో చోట కూడా పొడిబారి మంటగా ఉంటుంది.
(ఊరు రాయొద్దన్నారు)

జవాబు: రాసినందుకు సంతోషం తల్లీ. పెద్ద డోసు చికిత్సకి అండాశయాలు ఆగిపోవడం ఆడవాళ్లలో చాలా ఎక్కువగా జరుగుతుంది, మీ తప్పేమీ లేదు. ఇరవై ఆరేళ్లకే ముట్లుడిగిపోతే ఎముకలు బోలుబారతాయి, గుండెకీ మంచిది కాదు, అందుకే ఇబ్బంది పెట్టే కారణాలేవీ లేకపోతే మామూలుగా నెలసరి ఆగే వయసు దాకా హార్మోన్ మాత్రలు ఇస్తారు. మూడేళ్లు ఆలస్యమైంది, ఇంకా ఆలస్యం చేయకండి. ఆ మంట విషయం గైనకాలజిస్టుకి తప్పకుండా చెప్పండి, హార్మోన్ లేక పొడిబారడం కావచ్చు, జీవీహెచ్‌డీ అక్కడ కూడా వస్తుంది, పట్టించుకోకపోతే లోపల అతుక్కుపోతుంది. వైద్యం ఉంది. ఒళ్లంతా లేదా ఛాతీకి రేడియేషన్ ఇచ్చి ఉంటే రొమ్ముల పరీక్ష మామూలువాళ్లలా నలభైకి కాదు, 25 ఏళ్లకి లేదా రేడియేషన్ తర్వాత 8 ఏళ్లకి, ఏది వెనకైతే అప్పుడు మొదలుపెట్టాలి. పిల్లల గురించి: నెలసరి లేకపోయినా ఆశ పూర్తిగా వదిలేయమని నేను చెప్పను, అరుదుగా తిరిగి వచ్చినవాళ్లున్నారు, దాత అండంతో కన్నవాళ్లున్నారు, పెంచుకున్నవాళ్లున్నారు. ఆ మాట వేరే రోజు తీరిగ్గా. ముందు లేడీ డాక్టరు దగ్గరికి, ఈ వారంలో.

ప్రశ్న: మాది లంక. 2022 జులై వరదలో ఇంట్లోకి నీళ్లొచ్చి నా ఆసుపత్రి ఫైలు తడిసిపోయింది. మార్పిడి అయి తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఏ డాక్టరు అడిగినా ఏం చెప్పాలో తెలియట్లేదు.
(కోనసీమ నుంచి)

జవాబు: అలాంటి ఫైలు ఒకటి నా బల్ల మీదికి వచ్చింది ఒకసారి. కాగితాలన్నీ అట్టలా అతుక్కుపోయి, గోరుతో ఊడదీస్తే సరిగ్గా రేడియేషన్ డోసు రాసిన వరుస దగ్గరే చిరిగింది. బాధేసింది, ఎందుకంటే మీ తర్వాతి ఇరవై ఏళ్లకి ఏం వెతకాలో చెప్పేది ఆ వరుసే.

మార్పిడి చేసిన ఆసుపత్రికి మీ పాత నంబరు, పేరు, మార్పిడి తేదీ సుమారుగా చెప్పి ఉత్తరం రాయండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే అడగకండి, ఇవన్నీ అడగండి: ఏ జబ్బు, ఏ రోజున మార్పిడి, దాత ఎవరు, దాత బ్లడ్ గ్రూపు, మార్పిడికి ముందు ఇచ్చిన కీమో మందుల పేర్లు, రేడియేషన్ ఇచ్చారా లేదా, ఎంత, జీవీహెచ్‌డీ వచ్చిందా, స్టెరాయిడ్ ఎన్నాళ్లు వాడారు, తర్వాత వేసిన టీకాలు. రెండు పేజీల్లో వచ్చేస్తుంది. రాగానే ఫోనులో ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలోకీ పంపించండి, గట్టు అవతల ఎత్తు మీద ఉండే చుట్టాల ఇంట్లో ఒక జిరాక్సు పెట్టండి. అసలు కాగితం పెట్టెలో కింద కాకుండా దూలానికి కట్టిన సంచిలో ఉంచండి.